నత్తి పాఠాలు – 3: లెక్కపెట్టడం

నత్తి వినిపించే మూడు తీరులు కిందటి భాగంలో చూశాం: శబ్దం మళ్లీ మళ్లీ రావడం, సాగిపోవడం, నోరు తెరిచినా మాట బయటికి రాకుండా పట్టేయడం. ఈసారి వాటిని లెక్కపెడదాం. ఫోన్‌లో రికార్డింగ్, కాగితం, పెన్సిల్ చాలు.

రికార్డింగ్ కోసం పద్యాలు చెప్పించకండి. పాడేటప్పుడు, నలుగురితో గొంతు కలిపి చదివేటప్పుడు చాలామందికి నత్తి దాదాపు ఉండదు. "బళ్లో అందరితో కలిసి వేమన పద్యం గడగడా చెప్తాడు, ఇంట్లో కావాలనే చేస్తున్నాడు" అని పిల్లలు తిట్లు తినేది ఇందుకే. మామూలు కబుర్లు కావాలి, కనీసం 300 అక్షరాలైనా.

ఇక లెక్క. సాఫీగా వచ్చిన అక్షరానికి చుక్క, నత్తి పడినదానికి గీత. ఒత్తు ఉన్నా ఒక్క అక్షరమే. "బస్"లో చివరి పొల్లును ముందు అక్షరంతో కలిపేయండి.

"నేను రే-రే-రేపు వ్‌వ్‌వ్‌విజయవాడ వెళ్తున్నాను."

చెప్పదలచుకున్నవి 13 అక్షరాలు. "రే" మూడుసార్లు వచ్చినా ఒక్క గీతే. సాగిన "వి"కి ఇంకో గీత. మిగతావి 11 చుక్కలు. "అంటే", "మరి", "నాకు నాకు బిస్కెట్ కావాలి" లాంటివాటికి గీత పెట్టొద్దు, అవి అందరి మాటల్లోనూ ఉంటాయి. 300 అక్షరాల్లో 12 గీతలొస్తే 4 శాతం. 3 శాతం దాటితే నత్తి ఉందేమోనని చూడటం వాడుక.

పెద్దవాళ్ల విషయంలో మాత్రం ఈ అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. తాను దిగాల్సిన స్టేజీ పేరు పలకలేక, పేరు తేలిగ్గా వచ్చే తర్వాతి స్టేజీకి టికెట్ తీసుకునేవాళ్లుంటారు. దోశ తినాలనుంటుంది, కానీ నోటికి వచ్చేది ఇడ్లీ. అలాంటి మనిషికి లెక్కలో 1 శాతమే రావచ్చు, లోపల టెన్షన్ మాత్రం కొండంత. అందుకే "ఏ మాటలు తప్పించుకుంటారు? ఫోన్ ఎత్తడానికి జంకుతారా?" అని అడిగి, జవాబులు గీతల పక్కనే రాయండి. నన్నడిగితే అసలు సమాచారం ఆ జవాబుల్లోనే ఉంటుంది.

చిన్నపిల్లలకు నత్తి ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. చిన్నపిల్లల నత్తికి ఆస్ట్రేలియాలో పుట్టిన లిడ్‌కోంబ్ అనే చికిత్స పద్ధతిలో అమ్మానాన్నలే రోజూ ఒక అంకె వేస్తారు: అసలు లేకపోతే 0, అతి తీవ్రమైతే 9. రోజంతా ఎలా మాట్లాడాడో చూసి వేయాలి, ఒక్క సంఘటనను బట్టి కాదు. బిడ్డ మాట కోసం గింజుకుంటున్నా, మాట్లాడటం మానేస్తున్నా అంకెలు పోగయ్యేదాకా ఆగకుండా స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్లండి.

ఈ వారం అభ్యాసం: ఒకే రికార్డింగ్‌ను రెండు వేర్వేరు రోజుల్లో లెక్కపెట్టండి. రెండోసారి మొదటి కాగితం చూడొద్దు. తేడా బాగా వస్తే, ఏ అక్షరాల దగ్గర వచ్చిందో మళ్లీ విని గుర్తుపెట్టండి.