మొక్కకు నీళ్లు పోసేది ఒక్కరే

ఇద్దరూ ముద్దుగా చూసుకునే ఇంట్లో కుండీ మొక్కకు పెద్ద ప్రమాదం నీళ్లు ఎక్కువవడమే. పొద్దున ఒకరు పోస్తారు, ఆ సంగతి తెలియక సాయంత్రం ఇంకొకరు పోస్తారు. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే వేళ్లకు గాలి ఆడక కుళ్లిపోతాయి. కుళ్లిన వేళ్లు నీళ్లు పీల్చలేవు కాబట్టి ఆకులు వాడినట్టే కనిపిస్తాయి. అది చూసి నీళ్లు చాలలేదేమో అనుకుని మళ్లీ పోస్తాం. పాపం, మొక్క!

అందుకే నీళ్ల పని ఒక్కరికే అప్పజెప్పండి. పోసే ముందు వేలిని మట్టిలోకి 2 కణుపుల లోతు దించి చూడాలి. చెమ్మ తగిలితే ఆ రోజుకు వద్దు. పొడిగా ఉంటే కుండీ అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా పోసి, కింద పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయాలి. మనీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్ లాంటివి పొడి మట్టిని బాగానే తట్టుకుంటాయి, వాటి విషయంలో అనుమానమొస్తే ఒక రోజు ఆగడమే మేలు.

తడిగుడ్డతో ఆకుల మీద దుమ్ము తుడవడం, వారానికోసారి కుండీని కాస్త తిప్పడం రెండోవారి పని. తిప్పకపోతే మొక్క వెలుతురు వైపే ఒరిగిపోతుంది. కొత్త చిగురు ముందు కనపడేది ఆకులు తుడిచేవాళ్లకే కాబట్టి నాకైతే ఆ పనే ఎక్కువ ఇష్టం.