పిలకాయల్ని ఎల్కేజీలో దించడం ఎలా?

జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ పొద్దున నెల్లూరులో ఏ చిన్నబడి గేటు దగ్గరికి పోయినా ఒకటే రాగం. లోపల పిలకాయలు, బయట తల్లులు. ఇరవై రెండేళ్లుగా గేటుకు లోపలి వైపు నిలబడి వింటున్నాను. పిలకాయలు ఏడిస్తే తప్పులేదు, వాళ్ల వయసది. పెద్దవాళ్లు దించే పద్ధతే తప్పు. ఏటా అమ్మానాన్నలు మారతారుగానీ ఆ తప్పు మారదు.

కొనాల్సినవి, కాగితాలు

ఇది తొందరగా చెప్పేస్తాను. బాక్సు, ఒక పుస్తకం పట్టేంత సంచి చాలు, చక్రాల బ్యాగు వద్దు. నీళ్ల సీసా స్టీలుదే కొనండి. మూత పిల్లే తిప్పగలదో లేదో అంగట్లోనే తిప్పించి చూడండి. బూట్లకు లేసులొద్దు, అతికించే పట్టీ ఉండాలి. నిక్కరుకు ఎలాస్టిక్ తప్ప ఇంకేమీ ఉండకూడదు. "టీచర్, ఒంటికి" అని పరిగెత్తిన పిల్లోడు హుక్కు, జిప్పు, బెల్టు దాటేలోపు పని అయిపోతుంది. సంచిలో ఒక జత బట్టలు, అన్నిటి మీదా పేరు. పలకా బలపం కొనండి. పెన్సిలు దసరా తర్వాత చూద్దాం.

పుట్టినతేదీ సర్టిఫికెట్టు, ఆధార్, టీకాల కార్డు జిరాక్సులు తీసి పెట్టుకోండి. ఐదేళ్లలోపు తీసిన ఆధార్‌లో వేలిముద్రలుండవు. ఐదు నిండాక వేలిముద్రలు, కనుపాపలు, కొత్త ఫోటో ఇచ్చి రావాలి, ఏడేళ్లలోపు అయితే డబ్బు కట్టక్కర్లేదు. ఐదారేళ్ల మధ్య డీపీటీ టీకా రెండో బూస్టరు ఉంటుంది. యూకేజీ హడావుడిలో దాన్ని చాలామంది మర్చిపోతారు.

వయసు దగ్గర మాత్రం బేరాలొద్దు. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి మూడేళ్లపాటు ఆటపాటల చదువు, ఆరేళ్లకు ఒకటో తరగతి అంటోంది. "మావాడు చురుకు, ఒక క్లాసు ఎగిరించండి" అని వచ్చే నాన్నలకు నేను టీ ఇచ్చి పంపించేస్తాను. ఎవరైనా పిల్లకు పరీక్ష పెట్టి సీటిస్తామంటే ఈ వయసు పిలకాయల్ని అలా వడబోయడం తప్పని చెప్పండి. ఎల్కేజీకి ముందు అంగన్‌వాడీకి పంపడం నామోషీ అనుకోవద్దు. మూడు నుంచి ఆరేళ్ల పిలకాయలకు ఆటపాటల చదువు చెప్పడం వాళ్ల పనుల్లో ఒకటి. నా క్లాసులో అందరికంటే ముందు ఏడుపు మానేది అక్కణ్ణుంచి వచ్చినవాళ్లే.

ఇంట్లో రెండు వారాల ముందు

తన చేత్తో అన్నం తినడం నేర్పండి, ఒళ్లంతా పూసుకున్నా సరే. ఒంటికి, రెంటికి అని పక్కింటావిడతో చెప్పడం అలవాటు చేయండి. అమ్మకు సైగ చేస్తే అర్థమవుతుంది, నాకు కాదు. రాత్రి తొమ్మిదికి దీపం ఆర్పేయండి, సెల్లు కూడా.

అక్షరాభ్యాసం చక్కగా చేసుకోండి. "ఓం నమః శివాయ" అని బియ్యంలో దిద్దించిన మాట నుంచే మనకు ఓనమాలు అనే పేరు వచ్చింది. బియ్యంలో ఒకసారి దిద్దించాం కాబట్టి మర్నాటి నుంచి రోజుకు నాలుగు పేజీలు రాయించాలని అర్థం కాదు.

ఒక్క మాట మాత్రం ఈ రోజే మానేయండి. "అల్లరి చేశావంటే బడిలో పడేస్తా, టీచరు తాట తీస్తది." వేసవంతా ఇది విన్న పిల్లోడు జూన్‌లో నన్ను చూసి మీ కాళ్ల వెనక దాక్కోకుండా ఎట్టా ఉంటాడు?

గేటు

నిదానంగా చదవాల్సింది ఇక్కడి నుంచి.

దించడానికి తాత రావాలి. తాత లేకపోతే నాన్న. అమ్మే రావాల్సివస్తే రండి, కళ్లు తుడుచుకుని రండి. పిల్ల బడిని చూడదు, మీ మొహం చూస్తుంది. మీ మొహంలో భయం కనిపిస్తే లోపల భయపడాల్సింది ఏదో ఉందనుకుంటుంది.

ఎత్తుకుని తేవద్దు. వీధి మలుపులోనే దించి నడిపించుకు రండి. చంకలో ఉన్న పిల్లను నేను తీసుకోవాలంటే పీకి తీసుకోవాలి. ఆ క్షణం నుంచి నేను వాళ్లమ్మ దగ్గర్నుంచి లాక్కున్నదాన్ని. నడిచొచ్చిన పిల్ల అయితే నేను చెయ్యి చాపి ఆగుతాను. ఒక్కోసారి రెండు నిమిషాలు పడుతుంది, వెనకాల స్కూటర్లు హారన్లు కొడుతుంటాయి. కొట్టుకోనీండి. తన చెయ్యి తనే ఇచ్చిన పిల్ల ఆ రోజు ఏడ్చినా కొంచెమే ఏడుస్తుంది.

ఇక చెప్పే మాట. "ఇప్పుడే వస్తా" అనకండి, అది అబద్ధం. "చాక్లెట్ తెస్తా" అనకండి, అది లంచం, రేపు రెండడుగుతుంది. "పోతున్నా" అసలే వద్దు. మన ఇళ్లలో ఊరికి పోయేవాళ్లు కూడా ఆ మాట అనరు గదా. "పోయొస్తా నాయనా" అనండి. పోవడం, రావడం రెండూ ఒకే మాటలో ఉన్నాయి. నాలుగేళ్ల పిల్లకు కావల్సింది ఆ రెండోదే. ఎప్పుడొస్తారో కూడా చెప్పండి, గడియారం లెక్కలో కాదు. "అన్నం తింటావు, పాట పాడతావు, సంచి తగిలించుకుంటావు. అప్పటికి నేను గేటు దగ్గరుంటా." ఈ మాటల్లో ఒక్కటీ మార్చకుండా రోజూ ఇదే చెప్పండి.

చెప్పాక తిరిగి పోవాలి. వెనక్కి చూడకూడదు. కిటికీ దగ్గర నక్కి చూసేవాళ్లు ఉంటారు. ఆ చీర కొంగు ఒకరికి కనబడిందంటే ముప్పై మందికీ అమ్మ గుర్తొస్తుంది, నా గంట కష్టం గంగపాలు.

అందరికంటే పెద్ద తప్పు చెప్పకుండా జారుకోవడం. బొమ్మ చూపించి, అటు తిరగ్గానే మాయమవడం. నేను మొదట్లో పనిచేసిన ఒక బడిలో అదే పద్ధతి. తల్లుల్ని వెనక గేటు నుంచి పంపించేవాళ్లు. ఒక పాప ఆ రోజు ఏడవలేదు, అందరూ మెచ్చుకున్నారు. మర్నాటి నుంచి ఇంట్లో తల్లి స్నానానికి పోయినా తలుపు దగ్గర కూర్చునేదట. ఆర్నెల్లు. ఏడుపు ఆపడం పని అనుకుంటే జారుకోవడం బాగానే ఉంటుంది. నమ్మకం నిలపడం పని అనుకుంటే చెప్పి, ఏడిపించి అయినా సరే, పోవాలి.

ఈమధ్య కొన్నిచోట్ల వారం రోజులు అమ్మను క్లాసులోనే కూర్చోబెడుతున్నారు. నేనొప్పుకోను. ఎనిమిదో రోజు మొదటి రోజవుతుంది, అంతే తేడా.

మాట నిలుపుకోవడంలో సగం పని సాయంత్రానిది. మొదటి రెండు వారాలు ఆటో పెట్టొద్దు. బెల్లు కొట్టేముందే గేటు దగ్గర ఉండండి. ట్రంకు రోడ్డులో ట్రాఫిక్కు అని పది నిమిషాలు ఆలస్యంగా వస్తే, పొద్దున చెప్పిన "పోయొస్తా" అబద్ధమైపోయినట్టే.

పది పన్నెండు రోజుల్లో చాలామంది సర్దుకుంటారు. గెలిచామని అనుకోకండి. సోమవారాలు మళ్లీ ఏడుపే. దసరా సెలవుల తర్వాత ఏడుపే. నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే కలెక్టరు గారు మూడు రోజులు సెలవిస్తారు, నాలుగో రోజు మాకు మళ్లీ జూన్ 12. మొదటి రోజు చేసిందంతా మళ్లీ మొదట్నుంచి చేయాలి.

అన్ని ఏడుపులూ ఒకటి కావు, ఇది గుర్తుంచుకోండి. నెల దాటినా రోజూ వాంతి చేసుకుంటుంటే, బడిలో నోరే విప్పకపోతే టీచరుతో కూర్చుని మాట్లాడండి, డాక్టరుకు చూపించండి. సంతోషంగా వచ్చే పిల్ల ఒక్కసారిగా రానంటే మారాం అని కొట్టిపారేయొద్దు. ఎవరైనా కొట్టారా, ఆటోలో ఏమైనా జరిగిందా, మెల్లగా అడగండి. బడిలో పిల్లల్ని కొట్టడాన్ని చట్టం నిషేధించింది, అడిగే హక్కు మీకుంది. ఒక పిల్లోడు జనవరిలో ఇట్టాగే మొండికేశాడు. వారం తర్వాత తేలిందేమంటే, బాత్రూములో బల్బు పోయింది. చీకటికి భయపడి నీళ్లు తాగడం మానేశాడు, తర్వాత బడే మానేశాడు. బల్బు వేశాం, వచ్చాడు.

చదువు సంగతి

కిండర్‌గార్టెన్ అంటే జర్మన్‌లో పిల్లల తోట. ఫ్రోబెల్ అనే ఆయన 1840లో పెట్టిన పేరు. మనం దాన్ని ట్యూషన్ చేశాం. ఇంట్లో పది నిమిషాలకు మించి రాయించొద్దు. ఎడమ చేత్తో రాస్తే రాయనీయండి, మార్చొద్దు. ఇంట్లో తెలుగే మాట్లాడండి. జేజి చెప్పే కథ అర్థమైన పిల్లకు ఇంగ్లీషు కథ చెప్పడం నాకు సులువు. మార్కుల గురించి అడగొద్దు, ఎవరి పక్కన కూర్చుందో అడగండి.

మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలవుతాయి. మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలోనే వదిలేస్తాం. ఆ మొదటి రోజు ఎవరో ఒకరు మర్చిపోతారు, ఏటా. ఎండలో గేటు ఊచలు పట్టుకుని ఒక పిల్లా, పక్కన నేనూ నిలబడి ఉంటాం. ముందు రోజు రాత్రే ఫోనులో అలారం పెట్టుకోండి.