పాత ఇంగ్లిష్ డైనింగ్ కుర్చీ ఊగుతోందా? ముందు సీటు తీసి చూడండి

ఇంగ్లండ్ పల్లెల్లోని పెద్ద బంగళాల్లో 18వ శతాబ్దం నాటి మహోగని కుర్చీలకు ఎక్కువగా వచ్చే జబ్బు ఊగడమే.

సమస్య: కిర్రుమంటోంది, వెనక్కి ఆనితే ఊగుతోంది

వెనక కాలు, సీటు పక్క చెక్క పట్టీ కలిసే అతుకు వదులై ఉంటుంది. భోంచేశాక కబుర్లలో పడి కుర్చీ ముందు కాళ్లు పైకి లేపి వెనక్కి వాలితే, బరువంతా ఆ రెండు అతుకుల మీదే పడుతుంది. చలికాలంలో హీటింగ్‌కి చెక్క ఎండి కుంచించుకుపోయి, పాత బంక పట్టు వదిలేస్తుంది.

అయినా నేను మొదట అనుమానించేది సీటునే. చాలా కుర్చీలకు సీటు పైకి ఊడి వస్తుంది. తరతరాలుగా పాత గుడ్డ మీదే కొత్త గుడ్డ కొడుతూ పోతే అది లావెక్కుతుంది. నొక్కి పెట్టిన ప్రతిసారీ చుట్టూ ఉన్న పట్టీలను బయటికి తోస్తుంది. ఈ సంగతి చూడకుండా అతుకు ఎంత బాగా వేసినా మళ్లీ ఊడుతుంది.

పరిష్కారం: అదనపు పొరలు తీయండి, అన్నిటికంటే అడుగు గుడ్డ ముక్క ఒకటి దాచండి. సీటు చట్రం మీద, కుర్చీ పట్టీ లోపల ఉలితో చెక్కిన రోమన్ అంకెలు ఉంటే వెతకండి. నాలుగో నంబరు సీటు నాలుగో కుర్చీలోకే వెళ్లాలి. మారిపోతే బిగుతుగానో వదులుగానో ఉంటుంది.

అతుక్కి స్క్రూలు, ఇనుప బ్రాకెట్లు దయచేసి వద్దు, చెక్క చీలిపోతుంది. ఎపాక్సీ అనే గట్టి రసాయన జిగురు కూడా వద్దు, రేపు ఇంకొకరు విప్పలేరు. అప్పటివాళ్లు వాడింది పశువుల చర్మం ఉడికించి తీసిన బంక. వేడికి, తడికి అది మెత్తబడుతుంది. పాతది తుడిచేసి, అదే రకం బంకను సుమారు 60 డిగ్రీల వేడితో రాసి, సమతలం మీద క్లాంపులు (చెక్కలను నొక్కి పట్టే బిగింపులు) బిగించి ఒక రోజు వదిలేయండి.

సమస్య: సన్న చిల్లులు, కింద పొడి

చిల్లు 1–2 మిల్లీమీటర్లుంటే చెక్క తొలిచే పురుగు. మహోగని కంటే బీచ్ అనే చెట్టు చెక్కతో చేసిన సీటు చట్రాన్ని అది తేలిగ్గా పడుతుంది. చిల్లులు పాతవే కావచ్చు, టెన్షన్ పడకండి. కింద నల్ల కాగితం పరిచి, మే నుంచి ఆగస్టు దాకా గమనించండి. లేత రంగు పొడి కొత్తగా రాలితే ఆ కుర్చీని వేరుచేసి నిపుణులకు చూపించండి.

సమస్య: వీపు పైనున్న అడ్డకర్ర ఊడి చేతికొచ్చింది

దాన్ని పట్టుకుని కుర్చీని లేపడమే కారణం. పేళ్లు ఒక్కటి కూడా పారేయకుండా కవర్లో దాచండి, అతికేటప్పుడు అవన్నీ కావాలి. ఇకపై సీటు పట్టీల కింద రెండు చేతులూ వేసి ఎత్తండి.