అక్వేరియానికి ఎండ ఎంత, లైటు ఎంత?

భీమవరం చుట్టుపక్కల చేపల చెరువున్న రైతుని ఎవరినైనా అడగండి, నీళ్ళు లేత ఆకుపచ్చకి తిరిగాయంటే ఆయనకి సంతోషమే. ప్లాంక్టన్ (నీళ్ళలో తేలే సన్నటి జీవాలు) కట్టింది, చేపకి తిండి తయారవుతోందని లెక్క. అదే రంగు మన హాల్లో అద్దాల తొట్టిలోకి వస్తే మాత్రం ఏడుపొస్తుంది. రెండుచోట్లా జరిగింది ఒకటే. ఎండకి ఎరువు తోడైంది. చెరువులో ఎరువు రైతు వేస్తాడు, తొట్టిలో చేపల మలమూ మిగిలిపోయిన మేతా ఆ పని చేస్తాయి.

నేను మొదటి తొట్టిని పడమటి కిటికీ పక్కన పెట్టాను. సాయంత్రం ఎండలో గప్పీ చేపల తోకలు మెరుస్తుంటే బాగుంటుందని. రెండు వారాలు తిరక్కుండా నీళ్ళు పెసరట్టు పిండి కలిపినట్టయ్యాయి. చెరువులు చేసే మా బాబాయి వచ్చి, తొంగిచూసి, "ఏరా, సీడు ఎప్పుడు వదులుతున్నావ్?" అన్నాడు. సీడంటే చెరువులో వదిలే చేపపిల్లలు.

అందుకే లైటు కొనేముందు తొట్టికి చోటు తేల్చుకోండి.

మొదట ఎండకి గీత గీయండి

సెలవు రోజున ఒక సుద్దముక్క తీసుకుని ఉదయం ఎనిమిదికి, పదకొండుకి, రెండుకి, నాలుగున్నరకి గదిలో ఎండ పడ్డచోటల్లా గీత పెట్టండి. గీతలు లేని చోటు తొట్టికి మంచిది.

ఒక్కరోజు గీతని నమ్ముకుంటే మాత్రం మోసపోతారు. మన గోదావరి డెల్టా దాదాపు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి జరుగుతాడు, కాబట్టి దక్షిణపు కిటికీలోంచి ఆ వేళకి ఎండ లోపలికి రాదు. డిసెంబరు నెలాఖరులో అదే సూర్యుడు దక్షిణానికి వాలి, మధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తు దగ్గరే ఆగిపోతాడు. ఎండ కిటికీలోంచి గది మధ్యదాకా కాళ్ళు చాపుకుంటుంది. వేసవిలో చోటు చూసి పెట్టిన తొట్టి సంక్రాంతికి పచ్చబడిందంటే చాలాసార్లు కారణం ఇదే.

నా మటుకు నేను ఉత్తరపు గోడకో లోపలి గోడకో ఓటేస్తాను. తూర్పు కిటికీ దగ్గర పొద్దుటి ఎండ ఒక గంట తగిలినా ఫర్వాలేదు. పడమర మాత్రం వద్దేవద్దు. పాచి సంగతి అలా ఉంచండి, మే నెల సాయంత్రం ఎండకి చిన్న తొట్టి నీళ్ళు ఇట్టే కాగుతాయి. ఇళ్ళలో పెంచే చాలా చేపలకి 24 నుంచి 28 డిగ్రీలు హాయి, గోల్డ్‌ఫిష్‌కి ఇంకా చల్లగా ఉండాలి. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపలు పైకి తేలి గుటకలు వేస్తాయి.

లైటు

చేపలు మాత్రమే ఉంటే ఏదో ఒక చిన్న ఎల్‌ఈడీ చాలు. ఆ లైటు మనం చూడ్డానికే. మొక్కలుంటేనే లెక్క కావాలి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టిలో సుమారు 55 లీటర్లు పడతాయి. జావా ఫెర్న్, అనూబియాస్, జావా మాస్ లాంటి ఓపిక గల మొక్కలకి అందులో 10 నుంచి 15 వాట్ల ఎల్‌ఈడీ సరిపోతుంది. పెట్టె మీద 6500 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత) అని, లేదా కూల్ డే లైట్ అని ఉన్నది తీసుకోండి. ఇంట్లో వాడే మామూలు ఎల్‌ఈడీ ట్యూబులోనూ ఇది దొరుకుతుంది. రంగులు మారే లైట్లు తమాషాకి బాగుంటాయి గానీ, మొక్క పెంచాలంటే నేను తెలుపునే నమ్ముతాను.

తొట్టికీ లైటుకీ మధ్య అద్దం మూత ఉంచండి. బోరు నీళ్ళ ఉప్పు దానిమీద తెల్లగా పేరుకుని వెలుగుని మింగేస్తుంది. నెలకోసారి మూత తీసి వెనిగర్‌తో తుడిచి, బాగా కడిగి పెట్టండి. వైరు తిన్నగా ప్లగ్గులోకి పోకూడదు. ప్లగ్గు కంటే కిందికి ఉయ్యాలలా వేలాడి మళ్ళీ పైకెక్కాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటిచుక్క నేలమీద పడుతుంది, కరెంటులోకి పోదు.

గంటలు

మొదటి రెండు వారాలు రోజుకి ఆరు గంటలు చాలు. అద్దం మీద పాచి లేకుండా మొక్కలు కొత్త ఆకు వేస్తుంటే ఏడుకి, తర్వాత ఎనిమిదికి పెంచండి. అక్కడితో ఆపండి. మీరు ఇంట్లో ఉండే వేళ, మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి తొమ్మిది దాకా పెట్టుకుంటే చూసిన సుఖం కూడా ఉంటుంది.

టైమర్ కొంటే ఒక మాట. డయల్ తిప్పే రకం కరెంటు పోతే తనూ ఆగిపోతుంది. రెండు గంటల కోత పడితే మర్నాటి నుంచి లైటు రెండు గంటలు ఆలస్యంగా వెలుగుతుంది. వర్షాకాలంలో వారం తిరిగేసరికి తొట్టి అర్ధరాత్రి వెలుగుతూ కనిపిస్తే ఆశ్చర్యపోకండి. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్‌కి ఈ బాధ లేదు.

చీకటి గదిలో టక్కున లైటు వేస్తే చేపలు బెదిరి అద్దానికి కొట్టుకుంటాయి. ముందు గదిలో లైటు వేయండి, పది నిమిషాలాగి తొట్టిది. రాత్రి వాటికి పూర్తి చీకటి కావాలి.

అయినా పచ్చబడితే

గాజుగ్లాసులో తొట్టి నీళ్ళు తీసి తెల్లకాగితం ముందు పెట్టి చూడండి. గ్లాసులోనూ పచ్చగా ఉంటే పాచి నీళ్ళలో తేలుతున్నట్టు. గ్లాసులో తేటగా ఉంటే పాచి అద్దానికే పట్టింది, గీకేస్తే పోతుంది. కొత్త తొట్టిలో మొదటి వారాల్లో పట్టే గోధుమరంగు పొర గురించి బెంగ వద్దు, తుడిస్తే ఊడిపోతుంది. నీచువాసనతో జిగురుగా దుప్పటిలా పరుచుకునే నీలాకుపచ్చ పొర మాత్రం బ్యాక్టీరియా, దాన్ని పైపుతో లాగేయాలి.

నీళ్ళే పచ్చగా ఉంటే లైటు ఆపి, తొట్టికి నల్లదుప్పటి కప్పి మూడు నాలుగు రోజులు వదిలేయండి. మేత ఆపేయవచ్చు. ఎయిర్ పంపు మాత్రం ఆపకూడదు. చీకట్లో పాచి ఆక్సిజన్ ఇవ్వడం మానేసి తనే తీసుకుంటుంది, చచ్చి కుళ్ళేటప్పుడూ ఆక్సిజన్ ఖర్చవుతుంది. చెరువుల మీద తెల్లవారుజామున ఏరేటర్లు (నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) తిప్పేది ఈ భయంతోనే. తర్వాత మూడోవంతు నీళ్ళు తీసి, క్లోరిన్ లేని నీళ్ళు పోయండి. తీసిన పచ్చనీళ్ళు కరివేపాకు మొక్కకి మంచి బలం.

నేను ఇదంతా చేసి, తొట్టిని మెట్లకింది గోడకి మార్చాను. నీళ్ళు తేటపడ్డాయి, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టొచ్చు. బాబాయి మళ్ళీ వచ్చి చాలాసేపు వంగి చూశాడు. "ఇవేం నీళ్ళురా, ఒట్టి నీళ్ళు! చేప ఏం తింటుంది?" అన్నాడు.