ఊపిరితిత్తిలో గడ్డకు ఆపరేషన్: పక్కనుండే మనిషి ఏం చేయాలి?

మా ఆయనకు, తర్వాత మా బావగారికి, పోయినేడు ఎదురింటి అక్కకు తోడుగా. ఊపిరితిత్తి ఆపరేషన్ వార్డు బయట చాప పరుచుకుని పడుకోవడం నాకు మూడుసార్లు అయింది. మొదటిసారి చేయకూడనివన్నీ చేశాను. ఇప్పటికీ అందరూ అవే చేస్తుంటే చూడలేక రాస్తున్నాను.

సీటీ స్కాన్‌లో 3 సెంటీమీటర్ల లోపు కనిపించే గడ్డను నాడ్యూల్ అంటారు. అన్నీ క్యాన్సర్ కావు. ఎప్పుడో వచ్చి మానిన టీబీ మచ్చ కూడా అట్లాగే కనిపిస్తుంది. కొన్ని, తీసి పరీక్షకు పంపితే గానీ తేలవు. "కత్తి తగిలితే పాకుతుంది" అనే చుట్టాలు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వాళ్ళకు ఆపరేషన్ తేదీ చెప్పకండి.

తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, చిత్తూరువాళ్ళకు వేలూరు సీఎంసీ ఆసుపత్రి దగ్గర. రెండో డాక్టర్ని అడగాలనుకుంటే ఆపరేషన్ తేదీ తీసుకోకముందే అడగండి. చిన్న రంధ్రాలతో చేస్తారా, కోసి చేస్తారా, గడ్డవరకే తీస్తారా, ఒక భాగమంతా తీస్తారా అని రాసుకుని వెళ్ళండి. కుడి ఊపిరితిత్తికి మూడు భాగాలు, ఎడమదానికి రెండు. ఒకటి తీసినా మిగిలినవి పనిచేస్తాయని తెలిస్తే మనిషికి సగం టెన్షన్ తగ్గుతుంది. రక్తం పలచబడే మాత్రలు, షుగర్ మాత్రలు ఏవి ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. బీడీ, సిగరెట్ మాత్రం ఈ రోజే ఆపించండి.

సంచిలో పాత స్కాన్లు, ఆధార్, రేషన్ కార్డు, ఫ్లాస్కు, ముందు గుండీలుండే చొక్కాలు లేదా నైటీలు, ఒక గట్టి దిండు. చెయ్యి పైకెత్తి బనియన్ వేసుకోవడం కొన్నాళ్ళు కుదరదు.

ఆపరేషన్ రోజు పొద్దున నోట్లో ఏమీ పెట్టకండి అంటే ఏమీ అనే అర్థం. మా అత్తగారు "ప్రసాదమే కదా" అని బావగారికి లడ్డూ ముక్క పెట్టారు. ఆపరేషన్ మరుసటి రోజుకు పోయింది.

ఇక అసలు పని. ఆపరేషన్ తర్వాత దగ్గించడం.

నొప్పికి భయపడి మనిషి పైపైన ఊపిరి తీసుకుంటాడు, దగ్గు వస్తే ఆపుకుంటాడు. లోపల కఫం పేరుకుంటుంది, న్యుమోనియా వస్తుంది. మా ఆయన "వద్దులేవే, నొప్పి" అన్నప్పుడల్లా నేను జాలిపడి "సరేనండీ, పడుకోండి" అన్నాను. మూడో రోజు జ్వరం వచ్చింది. ఆ జాలి ఇంకెవరూ పడకండి.

నొప్పి మందు ఇచ్చి కాసేపయ్యాక మొదలుపెట్టండి. మంచం మీద నిటారుగా కూర్చోబెట్టండి. తెచ్చిన దిండును కుట్లున్న వైపు ఒత్తి పట్టుకోమనండి. బూరుగుదూది దిండే తీసుకోండి, ఫోమ్ దిండు అణిగిపోతుంది. గట్టిగా ఊపిరి పీల్చి, ఒక క్షణం ఆపి, పొట్టలోంచి దగ్గాలి. గొంతులోంచి వచ్చే దగ్గు దగ్గు కాదు.

ఊపిరి కసరత్తుకు మూడు బంతుల స్పైరోమీటర్ అనే చిన్న పరికరం ఇస్తారు. దాన్ని పీల్చాలి, ఊదకూడదు. వార్డులో సగంమంది ఊదుతూనే కనిపిస్తారు. మెల్లగా పీల్చి, బంతులు లేచాక రెండు మూడు క్షణాలు నిలపాలి. మెలకువగా ఉన్నప్పుడు గంటకు పదిసార్లు. మూడో బంతి లేవలేదని పోటీ పెట్టకండి. బెలూన్ ఊదితే చాలని చెప్పేవాళ్ళుంటారు. ఊదితే గాలి బయటికి పోతుంది, మనకు కావలసింది లోపలి మూలలదాకా వెళ్ళడం. ఇంత చిన్న లెక్క ఎందుకు అర్థం కాదో నాకు తెలియదు.

పక్కటెముకల మధ్య నుంచి ఒక ట్యూబ్ సీసాలోకి వస్తుంది. ఊపిరితో పాటు నీళ్ళు పైకీ కిందికీ ఆడితే భయపడకండి. సీసాను ఛాతీ కంటే పైకి ఎత్తకండి, ట్యూబ్ మెలికపడనీయకండి, మీ అంతట మీరు నొక్కి మూయకండి. ఊడితే కేక వేసి నర్సును పిలవండి. నడిపించమంటే సీసాతో సహా నడిపించండి.

చూడ్డానికొచ్చేవాళ్ళను గుమ్మంలోనే ఆపండి. దగ్గుతో వచ్చినవాళ్ళు అయినవాళ్ళైనా సరే.

ఇంటికొచ్చాక మెత్తటి సంగటి, పప్పు, మిరియాల రసం. నొప్పి మందులకు మలబద్ధకం వస్తుంది, నీళ్ళు బాగా ఇవ్వండి. నెలరోజులు ఇంట్లో సాంబ్రాణి, అగరొత్తులు వద్దు. ఉన్నట్టుండి ఆయాసం, జ్వరం, కఫంలో రక్తం, కుట్ల దగ్గర చీము, పిక్కలో వాపు, వీటిలో ఏది కనిపించినా రేపటికి వాయిదా వేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. తీసిన గడ్డను పరీక్షించిన బయాప్సీ రిపోర్టు మీరే వెళ్ళి తెచ్చుకోండి, వాట్సాప్‌లో చుట్టాలకు పంపకముందే డాక్టర్‌కు చూపించండి.

కొండకు నడిచి వస్తామని మొక్కుకుని ఉంటారు. అలిపిరి మెట్లు 3,550. డాక్టర్ సరే అనేదాకా ఆ ముడుపు పసుపు గుడ్డలోనే ఉండనివ్వండి. గుండుకైతే బస్సులో పోయి రావచ్చు.