సంక్లిష్టాల ఆకారం ముందే చెప్పడం – 4వ భాగం: మైలుతుత్తం ఎందుకు సాగింది?

గుంటూరు పట్నం బజారులో ఎరువుల కొట్టుకెళ్లి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) అడిగితే ఇస్తారు. సున్నంతో కలిపి బోర్డో మిశ్రమం చేసుకునే రైతుకు అది తెగులు మందు, మనకు ఈ వారం పాఠం. ఒక పలుకు తెచ్చుకోండి. ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి, విషం అది.

ఆ నీలం పలుకులో ప్రతి రాగి అయాన్ చుట్టూ ఆరు ఆక్సిజన్లుంటాయి. ఇలా లోహ అయాన్, దాని చుట్టూ అతుక్కున్న అణువులు లేదా అయాన్లు (లైగాండ్లు) కలిస్తే సంక్లిష్టం. నాలుగు నీటివి, సుమారు 1.97 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో. పైనొకటి, కిందొకటి సల్ఫేటువి, దాదాపు 2.4 దగ్గర. సల్ఫేటు వేరు, నీరు వేరు, అందుకే తేడా అంటారా? కాపర్ ఫ్లోరైడులో ఆరూ ఫ్లోరైడులే. అయినా నాలుగు 1.93, రెండు 2.27! గుట్టు రాగిలోనే ఉంది.

లెక్క వేద్దాం. రాగికి 29 ఎలక్ట్రాన్లు. రెండు ధనావేశాల అయాన్‌లో 27 మిగులుతాయి, వాటిలో బయటి ఐదు డీ ఆర్బిటాళ్లలో (ఎలక్ట్రాన్లుండే చోట్లు) ఉండేవి తొమ్మిది: అదే డీ9. ఆరు లైగాండ్ల మధ్య ఆ ఐదూ రెండు గుంపులవుతాయి: తక్కువ శక్తివి మూడు టీ2జీ, ఎక్కువ శక్తివి రెండు ఈజీ. కింది టీ2జీలో ఆరు నిండుతాయి, పై ఈజీలో మూడు. (పేరుకే ఈజీ, తిప్పలన్నీ అక్కడే.) ఇద్దరు కూర్చునే సీట్లు రెండు, ఎక్కింది ముగ్గురు: ఒక సీటు నిండింది, ఒకటి సగం ఖాళీ. ఈజీలో ఒకటైన, జెడ్ అక్షం (పై-కింది దిక్కు) మీదున్న డీజెడ్‌స్క్వేర్‌లో రెండుంటే, ఆ దిక్కు లైగాండ్లకు తాకిడి ఎక్కువ, అవి వెనక్కి జరుగుతాయి. జరిగాక ఆ ఆర్బిటాల్ శక్తి దిగుతుంది, రెండోదానిది అంతే పెరుగుతుంది. దిగింది రెండు ఎలక్ట్రాన్లు, ఎక్కింది ఒకటే. రెండు ఆర్బిటాళ్ల మధ్య ఎడం డెల్టా అయితే, నికర లాభం డెల్టాలో సగం. ఆ లాభం కోసమే ఈ సాగుడు.

1937లో జాన్, టెల్లర్ చెప్పిన సిద్ధాంతం ఇదే. అయితే ఆకారం సాగుతుందా, నొక్కుకుంటుందా అన్నది అది చెప్పదు. రాగి విషయంలో ఎక్కువగా కనిపించేది సాగడమే.

కాబట్టి ముందు ఈజీని చూడండి. అందులో 1 లేదా 3 ఉంటే మార్పు పెద్దది. 0, 2, 4 ఉంటే ఈజీ గొడవ లేదు. నికెల్ డీ8లో ఆ రెండూ చెరో ఆర్బిటాల్‌లో ఉంటాయి, ఆకారం చెదరదు. టీ2జీలో ఎగుడుదిగుడుగా ఉన్నా మార్పు ఉంటుంది కానీ స్వల్పం, ఎందుకంటే ఆ ఆర్బిటాళ్లు లైగాండ్ల వైపు చూడవు.

పిల్లలు ఎక్కువగా తప్పేది డీ4 దగ్గర. హై స్పిన్నో (నాలుగోది ఈజీకి ఎక్కితే) లో స్పిన్నో (టీ2జీలోనే జతకడితే) తేల్చకుండానే జవాబు రాసేస్తారు. అందుకే ఇంటిపని: మూడు ధనావేశాల మాంగనీస్‌కు ఆరు నీళ్లు, అదే మాంగనీస్‌కు ఆరు సయనైడ్లు. రెండూ డీ4లే. ఏది ఎక్కువ చెదురుతుందో కారణంతో రాసి ఉంచండి, 5వ భాగం అక్కడే మొదలుపెడతాను.