ప్రసార హక్కులు అమ్మే ముందు క్రీడా సమాఖ్య చేసుకోవలసిన ఏర్పాట్లు

కంపెనీలు బేరానికి రాకముందే సమాఖ్య తన నియమావళిని సరిచూసుకోవాలి. ఎంత సొమ్ము వస్తుందో తెలిశాక రాసే నియమం ఆ సొమ్ము వైపే మొగ్గుతుంది కాబట్టి, ఆదాయంలో క్లబ్బులకు, క్రీడాకారులకు, పిల్లల శిక్షణకు ఏ పాళ్లలో వాటాలు వెళ్లాలో, రెండు మ్యాచ్‌ల మధ్య కనీస విరామం ఎంతో సర్వసభ్య సమావేశంలో ముందే తీర్మానించి, టెండరు పత్రంలో షరతులుగా చేర్చాలి. ఇది వ్యాపార సంస్థలకూ మేలే. హద్దులు తెలిస్తేనే అవి సరైన ధర చెప్పగలవు.

బేరం కుదిర్చేవారు, పోటీల క్యాలెండరు నిర్ణయించేవారు వేరువేరుగా ఉండాలి. రెండు పనులూ ఒకే ఉపసంఘం చేతిలో ఉంటే, ప్రసార సంస్థ అదనపు మ్యాచ్‌లు అడిగినప్పుడు క్రీడాకారుల అలసట గురించి మాట్లాడేవారే ఉండరు. కార్యవర్గ సభ్యుడికి గానీ ఆయన దగ్గరి బంధువుకు గానీ ఆ సంస్థలో వాటా ఉంటే, ఓటు వేయకుండా ఊరుకుంటే చాలదు. చర్చ మొదలుకాకముందే ఆయన గది విడిచి వెళ్లాలి, ఆ సంగతి మినిట్స్‌లోకి ఎక్కాలి.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త ఓటింగు విషయంలో అవసరం. మీడియా ఆదాయంలో ఇన్వెస్టరుకు వాటా ఇచ్చే చర్చలకు జర్మన్ ఫుట్‌బాల్ లీగ్ 2023 డిసెంబరులో అనుమతి పొందింది. 36 క్లబ్బుల్లో 24 అనుకూలంగా ఓటేయగా, కావలసిన మూడింట రెండొంతుల మెజారిటీ సరిగ్గా దక్కింది. అయితే అది రహస్య ఓటింగు. తమ ప్రతినిధి, సభ్యుల మాట ప్రకారమే ఓటేశాడా అన్న అనుమానం ఒక క్లబ్బులో తీరనే లేదు. అభిమానులు టెన్నిస్ బంతులు మైదానంలోకి విసిరి మ్యాచ్‌లను పదేపదే ఆపించారు. 2024 ఫిబ్రవరిలో లీగ్ ఆ ప్రయత్నాన్నే విరమించుకుంది. వాణిజ్య తీర్మానాలపై ఓటింగు బహిరంగంగా జరగాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. ముసాయిదాను అభిమాన సంఘాలకు, క్రీడాకారుల సంఘానికి ముందుగా పంపి, వారి అభ్యంతరాలకు రాతపూర్వకంగా జవాబిచ్చాకే ఓటింగుకు వెళ్లాలి.

కొత్త పోటీలకు అనుమతి ఇచ్చే ప్రమాణాలను కూడా ప్రకటించాలి. ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా, యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యుయెఫాల అనుమతి నియమాల్లో పారదర్శకమైన, వివక్షలేని ప్రమాణాలు లేవని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2023 డిసెంబరు 21న తప్పుబట్టింది. సొంత టోర్నమెంట్లు నడిపే సమాఖ్య వేరే నిర్వాహకుల దరఖాస్తును తిరస్కరిస్తే కారణం రాసివ్వాలి; దానిపై అప్పీలు స్వతంత్ర సంఘం వినాలి.